మోషే బోర్డు చంపిందా?

"మా బావను నేనే సంపిన. ఇంక అడిగేదేముందక్కా?"

లాకప్ గోడకు ఆనుకుని కూర్చున్న మోషే తలెత్తకుండానే అన్నాడు. అతని పక్కన స్టీలు టిఫిన్ డబ్బా మూత తీయకుండా అలాగే ఉంది.

డిటెక్టివ్ విక్టోరియా ఊచలకు ఇవతల నేలమీదే కూర్చుంది. స్టూలు తెస్తానన్న కానిస్టేబుల్‌ను వద్దంది. ఒకప్పుడు ఆమె కూడా డిపార్ట్‌మెంటులో హెడ్ కానిస్టేబులే. అది మానేసి ఉప్పల్ చౌరస్తా దగ్గర సొంత ఏజెన్సీ పెట్టుకుంది. తప్పు చేసి దాచేవాళ్ళను ఈ ఊచల వెనక చాలామందిని చూసింది. తప్పును ఇంత గట్టిగా కావలించుకుని కూర్చున్నవాణ్ణి మాత్రం చూడలేదు.

గురువారం పొద్దున నాచారంలోని మోషే ఇంట్లో అతని బావ శాంతయ్య నేలలో కట్టిన నీళ్ళ సంపు కడగడానికి దిగాడు. అతను లోపల ఉండగానే మోటారు నడిచింది. నీళ్ళలో ఉన్న ఇనుప పైపుకు కరెంటు వచ్చి అక్కడికక్కడే చనిపోయాడు. ఆ మోటారును నడిపేది మోషే సొంతంగా తయారుచేసిన ఒక ఎలక్ట్రానిక్ బోర్డు.

మోషే ట్రాన్స్‌ఫార్మర్ల ఫ్యాక్టరీలో టెక్నీషియన్. డ్యూటీ దిగాక అతనికి ఒకటే పిచ్చి. కోఠీలో పార్టులు కొనుక్కొచ్చి బోర్డులు చేయడం. బోర్డు మధ్యలో నలభై కాళ్ళ నల్లటి చిప్పు ఉంటుంది. పేరు మైక్రోకంట్రోలర్. దానికి ఏం రాసిపెడితే అది చేస్తుంది. సంపులోకి నల్లా నీళ్ళు వచ్చాయా, పైన ట్యాంకు ఖాళీగా ఉందా అని ఆ బోర్డే చూసుకుని మోటారు వేస్తుంది, నిండగానే ఆపుతుంది. వేళకాని వేళ వచ్చే నీళ్ళ కోసం నిద్ర మానుకునే గల్లీ అంతా అతనికి దండం పెట్టింది. అడిగినవాళ్ళందరి ఇళ్ళలోనూ బోర్డులు బిగించాడు. శాంతయ్య పోయిన రోజు సాయంత్రానికి ఇరుగుపొరుగు పీకేసిన ఆ బోర్డులన్నీ విరిగి మురుగు మోరీలో తేలాయి.

విక్టోరియాను పంపింది శాంతయ్య భార్య రాహేలు. ఆమె మోషేకు స్వయానా అక్క. ఏజెన్సీకి వచ్చి ఒకటే అడిగింది, తన తమ్ముడే తన మొగుణ్ణి చంపాడో లేదో తేల్చి చెప్పమని. గురువారం నుంచి ఆమె తమ్ముడి మొహం చూడలేదు. చూడాలో వద్దో ఆమెకు తెలియడం లేదు.

"నీ బోర్డు ఎందుకు తప్పు జేసిందో నాకు సెప్పు తమ్మీ," అంది విక్టోరియా.

మోషే తల అడ్డంగా ఊపాడు. బోర్డు తప్పు చేయలేదన్నాడు. సంపులో నీళ్ళున్నాయి, ట్యాంకు ఖాళీగా ఉంది, కనుక మోటారు వేసింది. లోపల మనిషి ఉన్నాడని దానికి తెలియదు. తెలిసేలా చేయవలసింది తనే. సంపు మూత తీస్తే మోటారు నడవకుండా ఒక చిన్న స్విచ్చి పెడతానని బావకు మాటిచ్చాడు. ఇంతలో క్రిస్మస్ వచ్చింది.

"చర్చి మీద స్టారుకు బల్బులు తిరిగేటట్టు బోర్డు జెయ్యమన్నరు. మస్తు మెచ్చుకున్నరక్కా అందరు. పాస్టరుగారు స్టేజీ మీద నా పేరు సదివిండు." మోషే మోచేత్తో కళ్ళు ఒత్తుకున్నాడు. "మెప్పు కోసం స్టారు జేసిన. బావ పానం కోసం గా స్విచ్చి పెట్టలే."

విక్టోరియా అతను కళ్ళు తుడుచుకునేదాకా ఆగింది. తర్వాత, ఈమధ్య బోర్డులో ఏమైనా మార్చావా అని అడిగింది.

మార్చానన్నాడు. కరెంటు పోయి వచ్చినప్పుడు వోల్టేజి ఎగిరెగిరి పడుతుంది. అప్పుడే మోటారు వేస్తే కాలిపోతుంది. అందుకని కరెంటు వచ్చాక మూడు నిమిషాలు బోర్డు ఏమీ చేయకుండా ఆగేలా ప్రోగ్రాము రాసి, కొత్త చిప్పు పెట్టాడు. పాత ప్రోగ్రాము తనూ, తన స్నేహితుడు పీటరూ కలిసి రాసింది. కొత్తది మాత్రం ఒక్కడే రాశాడు. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు.

"పీటరుకు గూడ సెప్పలేదా?"

"మేం మాట్లాడుకుంటలేం."

"ఎందుకు?"

మోషే మోకాళ్ళ మధ్య తల పెట్టుకున్నాడు. "అది అడుగకక్కా. అది ఇంకో సిగ్గు." టిఫిన్ డబ్బా వైపు చేయి చూపించాడు. "గిది తెచ్చింది గూడ వాడే. రోజూ తెస్తుండు. నేను ముడ్తలే."

ఒక్క ప్రశ్న ఇంకా గట్టిగా అడిగి ఉంటే చెప్పేవాడే. కానీ ఎముకలు తేలిన ఆ వీపు చూసి విక్టోరియాకు మనసొప్పలేదు. లేచి చీర దులుపుకుంది.

*

సర్కిల్ ఇన్‌స్పెక్టర్ రామచంద్రరావు గుంటూరు వైపు మనిషి. విక్టోరియా కానిస్టేబుల్‌గా చేరినప్పుడు ఆయన సబ్ ఇన్‌స్పెక్టర్. ఆమె ఉద్యోగం మానేసి ఏజెన్సీ పెట్టుకోవడం ఆయనకు అప్పుడూ నచ్చలేదు, ఇప్పుడూ నచ్చలేదు.

"ముద్దాయి ఒప్పుకున్నాక మీకేం పని, విక్టోరియా గారూ?"

"ఆయన ఒప్పుకున్నది సిగ్గుతోని సార్. సాక్ష్యంతోని కాదు."

"నిర్లక్ష్యం వల్ల మరణం. రేపు అరెస్టు చూపించి కోర్టులో పెడుతున్నాను. పేపర్లో కూడా వచ్చేసింది, ఇంట్లో చేసిన యంత్రం మనిషిని మింగిందని. ఇంక దీంట్లో డిటెక్టివ్‌లకు దొరికేదేం లేదు."

"మోటరు ఎప్పుడు నడిచింది సార్?"

"కరెంటు వచ్చాక."

"వచ్చినంక అంటే? వచ్చినప్పుడా, వచ్చినంక కొంచెంసేపటికా?"

ఆయన ఫైలు మూశాడు. సీలు వేసిన స్విచ్చి పెట్టె తెరిచి, ఆ బోర్డును ఉన్నచోటే ఒకసారి నడిపి చూపిస్తానని విక్టోరియా అడిగింది. పక్కనున్న ఎస్సై నవ్వబోయి ఊరుకున్నాడు. రామచంద్రరావు మధ్యాహ్నం తనే వచ్చి సీలు తీస్తానన్నాడు. అక్కడ ఏమీ తేలకపోతే ఈ కేసు ఛాయలకు కూడా ఆమె రాకూడదన్నాడు.

"రాను," అంది విక్టోరియా.

*

సీఐ కంటే ముందే ఆమె తన లూనా మీద నాచారం చేరింది. ఆదివారం కావడంతో గల్లీలో జనం ఇళ్ళ ముందే ఉన్నారు. మోషే ఇల్లు ఎక్కడని అడిగితే ఎవరూ నోటితో చెప్పలేదు, గడ్డం ఎత్తి చూపించారు.

పక్కింటి సాలమ్మ ఇడ్లీ పిండి రుబ్బి అమ్ముతుంది. గురువారం పొద్దున ఆమె ఇంట్లోనే ఉంది. ఏమీ వినలేదని పోలీసులకు చెప్పింది. విక్టోరియాకు కూడా మొదట అదే చెప్పింది. చెబుతూ ఆమె రుబ్బే మిషను మీద లేని మరకను పదేపదే తుడవడం విక్టోరియా గమనించింది.

కరెంటు పోయినప్పుడు ఈ మిషను స్విచ్చి తీసేస్తావా అని మామూలుగా అడిగింది. తీయనంది సాలమ్మ. కరెంటు రాగానే దానంతటదే తిరుగుతుంది.

"గురువారం నాడు గూడ తిరిగిందా?"

"తిరిగింది."

"అప్పుడు అరుపు ఇనొచ్చింది. గంతేనా?"

సాలమ్మ చేతిలో గుడ్డ ఆగిపోయింది. తర్వాత ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని చెప్పింది. "మిషను తిరిగింది, గా పిల్లగాడు అరిసిండు. నడుమ ఊపిరి తీసుకునే సందు గూడ లేదు బిడ్డా. మొగుడు పెండ్లాల కొట్లాటనుకున్న. పొద్దుగాల్నుంచి రాహేలు అరుస్తనే ఉండె. పోలేదు నేను. పోతే బతుకుతుండెనేమో."

విన్నానని ఒప్పుకుంటే ఎందుకు వెళ్ళలేదని నలుగురూ అడుగుతారు. అందుకే ఆమె వినలేదంది. కరెంటు రావడం, అరుపు వినిపించడం ఒకేసారి జరిగాయన్న సంగతి ఆమె కొంగు చాటునే ఉండిపోయింది. అది వినని మోషే, మూడు నిమిషాల తర్వాతే తన బోర్డు మోటారు వేసిందనుకుని లాకప్‌లో తన మీద తనే తీర్పు చెప్పుకున్నాడు.

ఇంటి వెనక సంపు. ఒక పక్కన రెండు ఇటుకల ఎత్తు గద్దె మీద పాత మోటారు. దాని పైపు సంపులోకి దిగి ఉంది. స్విచ్చి పెట్టె బాత్రూం గోడకు, పక్క సందు వైపు ఉంది. సందులోంచి వచ్చేవాడు ఇంట్లోవాళ్ళకు కనబడకుండా దాన్ని అందుకోవచ్చు. స్విచ్చికి మూడు స్థానాలు. పైకి తిప్పితే మోటారు బోర్డు చేతిలో ఉంటుంది. మధ్యలో బంద్. కిందికి తిప్పితే బోర్డుతో పనిలేకుండా మోటారు నేరుగా నడుస్తుంది. పోలీసులు వచ్చేసరికి స్విచ్చి పైకి, బోర్డు వైపే ఉంది. శాంతయ్య దాన్ని బంద్ చేయకుండా దిగాడనీ, బోర్డు మోటారు వేసిందనీ అందుకే తేల్చారు.

రాహేలు తలుపు దగ్గర నిలబడి ఇదంతా చూస్తోంది. విక్టోరియా అడిగినదానికి పొడిగా జవాబు చెప్పింది. పొద్దున కరెంటు పోయింది. అది రోజూ పోయే వేళే, తిరిగి వచ్చే వేళ కూడా అందరికీ తెలిసిందే. ఆయన సంపులోకి దిగాడు. బకెట్లు పైకి లాగవలసిన తను ఇంట్లో ఉంది. అరుపు విని వచ్చేసరికి పీటర్ అప్పటికే అక్కడున్నాడు. అతనే మెయిన్ ఆపి ఆయన్ను పైకి లాగాడు.

"బకెట్లు గుంజకుండ నువ్వింట్ల ఎందుకున్నవ్ రాహేలూ?"

ఆమె కొంగు గుప్పిట బిగించి మొహం పక్కకు తిప్పుకుంది. ఇంతలో బయట జీపు ఆగింది.

*

రామచంద్రరావు సీలు తీసి పక్కన నిలబడ్డాడు. ప్రహరీ గోడ మీదుగా గల్లీ జనం తలలు కనబడుతున్నాయి. విక్టోరియా అందరినీ పైపుకు, మోటారుకు దూరంగా జరగమంది. సంపు మూత తీసి ఉంచింది. స్విచ్చి బోర్డు వైపే ఉంచి, డ్రైవర్‌తో మెయిన్ ఆపించింది.

"ఇప్పుడు కరెంటు పోయినట్టు. సార్, మీ గడియారం సూడుండ్రి. వెయ్యి అన్నా."

డ్రైవర్ మెయిన్ వేశాడు. బోర్డు మీద చిన్న ఎర్ర దీపం కొట్టుకోవడం మొదలుపెట్టింది. మోటారు కదల్లేదు.

సాలమ్మ ఇంట్లో రేడియో వినబడుతోంది. ఎవరో దగ్గారు. సీఐ గడియారం చూశాడు, మోటారును చూశాడు, మళ్ళీ గడియారం చూశాడు. ఎర్ర దీపం కొట్టుకుంటూనే ఉంది. తమ ఇళ్ళలోని బోర్డులు పీకి మోరీలో పారేసినవాళ్ళు గోడ అవతల ఒకరి మొహం ఒకరు చూసుకోవడం మానేశారు. చివరికి దీపం నిలకడగా వెలిగింది, మోటారు ఒక్క కుదుపుతో నడిచింది.

"శాంతయ్య కరెంటు వచ్చినప్పుడే అరిసిండు. సాలమ్మ ఇన్నది," అంది విక్టోరియా. "ఇప్పుడు ఇంకోటి సూడుండ్రి."

మెయిన్ ఆపించి, స్విచ్చిని కిందికి తిప్పి, మళ్ళీ వేయించింది. ఆ క్షణమే మోటారు గర్జించింది. తలుపు దగ్గర రాహేలు రెండు చెవులూ మూసుకుని కూలబడిపోయింది. ఆమెను ముందే లోపలికి పంపి ఉండవలసిందని విక్టోరియాకు అప్పుడు తట్టింది. కానీ చేతిలో పని ఉంది. హ్యాండుబ్యాగులోంచి టెస్టర్ తీసి మోటారు ఒంటికి ఆనించింది. టెస్టర్‌లోని బల్బు వెలిగింది.

మోటారు ఆపించి గద్దె దగ్గర వంగి చూసింది. పాత మోటారు, కరెంటు ఒంటికి కారుతుంది. దాన్ని భూమిలోకి పంపేయడానికి ఒక ఎర్తు వైరు ఉంటుంది. ఆ వైరు మోటారు కాలి దగ్గర బిగించినట్టే కనబడుతోంది. వేలితో కదిపితే ఊడి చేతికొచ్చింది. తెగలేదు. ఎవరో నట్టు విప్పి, వైరును ఊరికే మోటారు కాలి కింద దోపారు. చుట్టూ తుప్పు పట్టి, నట్టు ఉన్నచోట మాత్రం ఇనుము తళతళలాడుతోంది.

"ఎర్తు ముందే ఇప్పి పెట్టిన్రు. కరెంటు వచ్చే టైముకు సందుల నిలబడి స్విచ్చి కిందికి తిప్పిన్రు. మనిషి పోయినంక మళ్ళ పైకి తిప్పిన్రు. ఇది బోర్డు జేసే పని కాదు సార్."

రామచంద్రరావు ఆ వైరును చేతిలోకి తీసుకున్నాడు. "కరెంటు వచ్చిన క్షణమే అరిచాడని నాకెవరూ చెప్పలేదు," అన్నాడు మెల్లిగా.

"మీరు అడగలేదు సార్."

ఆ మాట గోడ అవతలి జనం కూడా విన్నారు. ఆయన మొహం కందిపోయింది. కోప్పడతాడేమో అనుకుంది విక్టోరియా. కోప్పడలేదు. జీపు దగ్గరికి నడిచి వైర్‌లెస్ సెట్ తీసి స్టేషన్‌కు చెప్పాడు, మోషే దగ్గర సంతకం తీసుకుని వెంటనే వదిలేయమని.

విక్టోరియాకు ఛాతీ నిండా ఊపిరి వచ్చింది. ఇన్నేళ్ళకు ఈ మనిషి తన మాట విన్నాడు, అదీ నలుగురి ముందు. కాసేపు ఆమె ఆ గెలుపులోనే ఉండిపోయింది. అడగవలసిన మొదటి ప్రశ్న ఆలస్యంగా అడిగింది.

"రాహేలూ, సంపు కడిగేది ఎప్పుడు ఆయనేనా?"

రాహేలు తల అడ్డంగా ఊపింది. ఊపుతూనే ఏడుపు అందుకుంది. శాంతయ్య ఎప్పుడూ దిగలేదు. దిగేది మోషే. ఫ్యాక్టరీకి కరెంటు కోత వల్ల గురువారం సెలవు, నెలకోసారి ఆ రోజే అతను సంపు కడుగుతాడని గల్లీ అంతటికీ తెలుసు. ఈసారి సరుకు పంపే పనుందని ఫ్యాక్టరీవాళ్ళు పొద్దున్నే పిలిపించారు. శాంతయ్య పనిచేసిన మిల్లు మూతపడి ఏడాది దాటింది. అప్పటినుంచి బావమరిది ఇంట్లోనే ఉంటున్నాడు.

"మా తమ్ముని ఇంట్ల కూసుండి తింటున్నవ్, గీ సంపన్న కడగరాదా అన్నక్కా. పొద్దుగాల్నే అన్న. ఆయన ఏం మాట్లాడలే. అంగీ ఇప్పి దిగిండు. బకెట్టు గుంజమన్నడు. నేను పోలే." ఆమె నేలమీద నుదురు ఆనించింది. "నేనే దింపిన. గదెవ్వలకు సెప్పాలె నేను?"

విక్టోరియా ఆమె భుజం పట్టుకుని లేపింది. అంటే ఆ స్విచ్చి తిప్పినవాడి లెక్కలో సంపులో ఉన్నది మోషే. కరెంటు ఎప్పుడొస్తుందో, మోటారు ఒంటికి కరెంటు కారుతుందనీ, స్విచ్చి పైకి తిప్పి ఉంచితే నేరం బోర్డు మీదికి పోతుందనీ అతనికి తెలుసు. కొత్త చిప్పు మూడు నిమిషాలు ఆగుతుందని మాత్రం తెలియదు.

"పీటర్ గా పొద్దుగాల ఎందుకు వచ్చిండు?"

తెలియదంది రాహేలు. ముందురోజు కూడా వచ్చాడు, మోషే లేనప్పుడు. తన సోల్డరింగ్ ఐరన్ ఇక్కడుందని వెనక్కి వెళ్ళి వెతుక్కున్నాడు. గురువారం ఆయన్ను పైకి లాగింది అతనే. పిచ్చివాడిలా ఏడ్చాడు. అంత ప్రేమ ఉందని తనకు అంతవరకూ తెలియదు.

"ఏమని ఏడ్సిండు?"

రాహేలు కళ్ళు తుడుచుకోవడం ఆపింది. ఆ మాట ఇప్పుడే మొదటిసారి వింటున్నట్టు చెప్పింది.

"ఆయన మొఖం సూసి, 'నువ్వా?' అన్నడక్కా. 'నువ్వెందుకున్నవ్?' అన్నడు."

విక్టోరియా జీపు వైపు పరుగెత్తింది. సీఐ వైర్‌లెస్ అందుకుని మోషేను ఆపమన్నాడు. అవతలి కానిస్టేబుల్, అతను వెళ్ళిపోయాడన్నాడు. రోజూ టిఫిన్ తెచ్చే స్నేహితుడు గేటు దగ్గరే ఉన్నాడు, స్కూటర్ మీద తీసుకెళ్ళాడు. మోషే మొదట ఎక్కనన్నాడు. 'నువ్వు తీసెయ్యమన్నవ్ గదా, పా, ఇప్పుడే తీసేద్దాం' అని పీటర్ బతిమాలితే ఎక్కాడు. చెప్పులు కూడా వేసుకోలేదు.

"ఏం తీసేద్దామన్నాడు?" సీఐ విక్టోరియాను అడిగాడు. ఆమె రాహేలు వైపు తిరిగింది.

రాహేలుకు తెలుసు. ఇద్దరి గొడవా ఆమె గోడ చాటునుంచి విన్నది. పీటర్ ఇండస్ట్రియల్ ఎస్టేట్‌లో ప్లాస్టిక్ డ్రమ్ములు చేసే ఒక ఫ్యాక్టరీలో ఎలక్ట్రీషియన్. మోషే నేర్పిన బోర్డునే చిన్నదిగా చేసి, ఆ ఫ్యాక్టరీ కరెంటు మీటరులో దాచి పెట్టాడు. తనిఖీవాళ్ళు లేనప్పుడు అది మీటరును తిరగనివ్వదు. మోషే కనిపెట్టాడు. తీసేయి, లేకపోతే నేనే పోయి చెబుతానన్నాడు. చెబితే తన చేతి పని దొంగతనానికి వాడారని చర్చిలో అందరికీ తెలుస్తుందని వారం వారం వాయిదా వేశాడు. తమ్ముడి పేరు పోతుందని రాహేలు కూడా నోరు మెదపలేదు.

లాకప్‌లో 'అది అడుగకక్కా' అన్నది దీని గురించే. అడగలేదు. పైగా మోషేను ఊచల వెనకనుంచి బయటికి తెచ్చింది తను. గోడ అవతల జనం చూస్తున్నారన్న స్పృహ విక్టోరియాను ఇప్పుడు నిప్పులా కాల్చింది.

"ఇంకోసారి అడిగితే సెప్పేటోడు సార్. నేను అడుగలే."

"వదిలేయమన్నది నేను. ముందు జీపెక్కండి," అన్నాడు రామచంద్రరావు. ఆయన డ్రైవర్‌ను దించి తనే స్టీరింగ్ పట్టుకున్నాడు. విక్టోరియా ఎక్కేసరికి రాహేలు వెనక సీట్లో కూర్చుని ఉంది. ఎవరూ దిగమనలేదు.

*

ఆదివారం ఎస్టేట్ మూగగా ఉంది. డ్రమ్ముల ఫ్యాక్టరీ గేటు ఓరగా తెరిచి ఉంది. వాచ్‌మన్ లేడు. షెడ్డు పక్కన స్కూటర్, దాని వెనక మీటర్ గది. గదికి ఇనుప రేకు తలుపు, పక్కనే ఊచల కిటికీ.

కిటికీలోంచి ముగ్గురూ ఒకేసారి చూశారు. పెద్ద మీటరు పెట్టె తలుపు తీసి ఉంది. దాని ముందు మోషే వట్టి కాళ్ళతో నిలబడ్డాడు. నేలంతా తడి. ఎవరో అప్పుడే నీళ్ళు కుమ్మరించినట్టు గోడ వారగా బకెట్టు దొర్లి ఉంది. మోషే మొహంలో గురువారం నుంచి ఎవరూ చూడని తేటదనం ఉంది. స్నేహితుడు మారాడనుకున్నాడు. చేసిన తప్పుల్లో ఒక్కటైనా తన చేత్తో పీకేస్తున్నాననుకున్నాడు. అతని కుడిచేయి పెట్టెలోకి వెళుతోంది. అతని వెనక, గోడకున్న పెద్ద మెయిన్ హ్యాండిల్ మీద పీటర్ చేయి ఉంది. అది కిందికి దించి, కరెంటు ఆపి ఉంది. పైకి లేపడమే తరువాయి.

విక్టోరియా నోరు తెరిచేలోపే పక్కనుంచి రాహేలు పిలిచింది.

"మోషే. తమ్మీ, ఇటు సూడు."

గట్టిగా కూడా పిలవలేదు. కానీ మూడు రోజులుగా ఆ గొంతు కోసమే అతను చెవులు రిక్కించి ఉన్నాడు. చేయి వెనక్కి తీసుకుని గిరుక్కున తిరిగాడు. అదే క్షణంలో హ్యాండిల్ పైకి లేచింది. పెట్టెలో, అతని వేళ్ళు ఉండవలసిన చోట, నీలం మంట ఒకటి చటుక్కున మెరిసి ఆరిపోయింది.

పీటర్ కిటికీలోని మూడు మొహాలనూ చూశాడు. సీఐ తలుపు వైపు పరుగెత్తాడు. ఆయనకంటే ముందే పీటర్ తలుపు చేరాడు. లోపలినుంచి గడియ పడింది. రామచంద్రరావు భుజంతో కొట్టాడు. రేకు మోగిందే గాని కదల్లేదు.

మోషే ఇంకా తడి నేల మీదే నిలబడి ఉన్నాడు. పెట్టెలోకి చూశాడు, హ్యాండిల్‌ను చూశాడు, పీటర్‌ను చూశాడు. అర్థమయ్యేకొద్దీ అతని మొహం మీది తేటదనం ఒక్కొక్క చాయగా పోయింది. పీటర్ తలెత్తలేకపోతున్నాడు. వీపు తలుపుకు ఆనించి, గోడకున్న స్పానర్ చేతికందుకుని నిలబడ్డాడు.

"పీటరూ," అన్నాడు మోషే చాలా మెల్లిగా. "గురువారం నాడు సంపుల ఉన్నది నేననుకున్నవా?"

పీటర్ తలెత్తకుండానే అవునన్నట్టు ఊపి, స్పానర్ కిందపడేసి వెనక్కి తిరిగి గడియ తీశాడు.